ముత్యమునకొక ముడి

అంబాజీపేట యనగానే గోదావరి జిల్లాలవారికి కొబ్బరి గుర్తుకు వచ్చును. గౌతమికిని, వసిష్ఠకును, సముద్రమునకును నడుమ అమరిన కోనసీమలో ఈ యూరు కొబ్బరి బేరములకు ప్రసిద్ధి కెక్కినది. కాయలు, కురిడీలు, ఎండుకొబ్బరి ఇచ్చటినుండి దూరప్రాంతములకు పోవుచుండును. కాయ వలిచిన పిదప మిగిలిన డొక్కను గూడ కోనసీమవారు వృథాగా పోనీయరు. దానిని నానబెట్టి, కొట్టి, పీచు తీసి, ఆ పీచుకు పురి పెట్టి తాడు పేనుదురు. విడిగా నున్న పీచుపోగును పసివాడు సైతము త్రెంపగలడు. అట్టి పోగులు కొన్ని కలిసి యొక వైపునకు పురి తిరుగును. అట్లు తిరిగిన రెండు పాయలు మరల రెండవ వైపునకు ఒకదాని నొకటి పెనవేసికొనును. ఒక పురి విడిపోవ జూచినపుడెల్ల రెండవ పురి బిగియును. ఆ త్రాడే పెంకిదైన పాడిగేదెను రాటకు కట్టి నిలుపును.

త్రాడు పేనుట యొక విద్య. దానికి ముడి వేయుట వేరొక విద్య. కనుమనాడు అంబాజీపేట మండలములోని మొసలపల్లియందు, జగ్గన్నతోటలో ప్రభల తీర్థము జరుగును. చుట్టుప్రక్కల గ్రామములనుండి ఏకాదశ రుద్రుల ప్రభలను జనులు భుజములపై మోసికొని వత్తురు. గంగలకుర్రునుండి వచ్చు ప్రభలు కౌశిక కాలువ నీటిలో దిగి దాటవలెను. వెదురుతో కట్టి, రంగువస్త్రములతో అలంకరించిన ఆ యెత్తైన ప్రభ నీటి నడుమ ఊగునపుడు చూచువారి కన్నులు రంగులమీద నుండును; కట్టినవాని ప్రాణము ముడులమీద నుండును.

ఈ పాఠములో చెప్పబోవునది అంతకంటె మిక్కిలి చిన్న ముడిని గూర్చి. అది ఆవగింజలో సగమైనను ఉండదు. ముత్యాల సరములో ముత్యమునకును ముత్యమునకును నడుమ దాగి యుండును. దానిని వేయ నేర్చుట ఎట్లో తెలిసికొనుటకు ముందు, దానిని వేయుట యెందుకో తెలియవలెను. ఈ సంగతిని మీ యింటి పూలసజ్జయే చెప్పగలదు.

పూలతో దండ రెండు విధములుగా చేయుదురు. సూదికి దారమెక్కించి పూవు తరువాత పూవు గ్రుచ్చుట ఒక విధము. తడిపిన అరటినారతో రెండేసి, మూడేసి పూలను కాడలకడ చుట్టి, ప్రతి జంటకును ఒక ముడి వేయుచు కట్టుట రెండవ విధము. గ్రుచ్చిన దండ ఒక్కచోట తెగినచో పూలన్నియు జారి క్రిందపడును. కట్టిన మాల యట్లు కాదు. పూలమ్మునామె చేతితో మూర కొలిచి, కావలసినంత తుంచి యిచ్చుచుండును. తుంచినచోట ఒకటి రెండు పూలు రాలిన రాలవచ్చును గాని, తక్కిన మాల చెక్కు చెదరదు. ఏ జంట ముడి ఆ జంటను కాచికొని యుండుటయే దీనికి కారణము. ముత్యములకు ముడి వేయుటలోని రహస్యమంతయు నింతే.

అయితే పూవు వాడినచో రేపు మరియొక పూవు పూయును. ముత్యము సంగతి వేరు. పెండ్లికి పోవుచున్న యొక యిల్లాలు, అమ్మమ్మనాటి ముత్యాలపేటను మెడలో వేసికొని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిన దనుకొందము. జనసమ్మర్దములో పేట దేనికో తగులుకొని పుటుక్కున తెగినది. దారములో ముడులు లేకున్నచో అరువది ముత్యములును ఒక్క క్షణములో జారి, బల్లచెక్కలమీద దొర్లి, వసిష్ఠపాలగును. ముడులున్నచో? తెగినచోటికి ఇరువైపుల నున్న ముత్యములను వాటి వాటి ముడులు ఆపును. పోయినచో ఒక్క ముత్యము పోవును. అదియు తరచుగా అరచేతిలోనో, చీర కుచ్చెళ్లలోనో దొరకును.

ముడికి రెండవ ప్రయోజనము కూడ కలదు. నాకు దోచినంతవరకు ఇదియే ముఖ్యమైనది. తెగుట ఎప్పుడో ఒకసారి జరుగును, ఒరయుట ప్రతిదినము జరుగును. ముత్యము రాయి కాదు. స్వాతివాన చినుకు ఆల్చిప్పలో పడి ముత్యమగునని పెద్దలు చెప్పుచుండిరి. నిజమునకు ఆల్చిప్పలోని ప్రాణి తన శరీరములో చిక్కుకొన్న అన్యపదార్థము చుట్టును పొరమీద పొరగా స్రవించిన సున్నపు పదార్థమే ముత్యము. ఆ పొరలు మిగుల పలుచనివి. వాటిపై వెలుగు పడి మరలి వచ్చునపుడే మనము మెచ్చుకొను నిగారింపు కలుగును. ఇట్టి మెత్తని వస్తువులు ముడి లేక ఒకదాని నొకటి తాకుచు, నడచినపుడెల్ల ఒరసికొన్నచో బెజ్జము చుట్టును అరిగిపోవును. నడుమ ధూళి చేరెనా, మరింత హాని. గోదావరి యిసుకరేణువు ముత్యముకంటె చాల గట్టిది. అది రెండు ముత్యముల నడుమ నిలిచి ఆకురాయి పని చేయును. ముడి యొక మెత్తని దిండువలె నడుమ నుండి ఈ యొరపిడిని ఆపును.

ఈ పని మన రాష్ట్రములందు బహుకాలముగా ఎక్కువగా జరుగుచున్న చోటు హైదరాబాదు. సముద్రము లేని ఆ నగరమునకు ముత్యాల నగరమని పేరు వచ్చుట చిత్రమే. పూర్వము పారసీక సింధుశాఖలో దొరకిన ముత్యములు బస్రా ముత్యములను పేరుతోను, మన్నారు సింధుశాఖలోని ముత్యములు తూత్తుకుడి వైపునుండియు వర్తకులచేత నచ్చటికి చేరుచుండెను. నిజాము ప్రభువుల కొలువులో వాటికి మిక్కిలి గిరాకి యుండెను. 1995వ సంవత్సరమున భారత ప్రభుత్వము నిజాము ఆభరణములను 173 వస్తువులను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. వానిలో బస్రా ముత్యముల ఏడుపేటల హారము ఒకటి. నేడు చార్మినారు దాపున పత్తర్‌గట్టి రాతి దుకాణములలో అమ్ము ముత్యములలో అధికభాగము చీనాదేశపు మంచినీటి చెరువులలో పెంచినవి. అవి యెచ్చటనుండి వచ్చినను, జల్లించి పరిమాణమును బట్టి వేరు చేయుట, వన్నెను బట్టి జతపరచుట, బెజ్జము వేయుట, గ్రుచ్చుట అక్కడి పనివారి చేతిమీదుగానే సాగుచున్నది. హారములను పట్టుదారముతో గ్రుచ్చి, కొసలకు జరీతో కూడిన త్రాడు అల్లి, కుచ్చులు కట్టు పనివారిని పట్వాలందురు. కాలి బొటనవ్రేలికి దారమును తగిలించి బిగువుగా నిలుపుకొని, రెండు చేతులను పనికి వదలుకొనుట వారి పాతపద్ధతి. చూచువారికి వింతగా నుండును గాని, అంతకంటె చవకయైన పనిముట్టు లేదు.

పల్లెలలో ఈ విద్య లేదనుకొనరాదు. పూసలవారు బుట్టలలో పూసలు, సూదులు, దారములు పెట్టుకొని యూరూర తిరిగిన కాలమున నల్లపూసల త్రాడు తెగినచో ప్రతి యింటను ఎవరో ఒకరు కూర్చుండి మరల గ్రుచ్చుకొనెడివారు. మన భాషయే దీనికి సాక్ష్యము. హారము నడుమ నుండు పెద్దమణి నాయకమణి. హారము రెండు కొసలు కలియుచోటు కొలికి. అచ్చటి పూస కొలికిపూస. ఒక కార్యమునకు ఆధారముగా నుండువానిని కొలికిపూస యనుచున్నాము గదా! గురజాడ అప్పారావుగారు 1910వ సంవత్సరమున ప్రకటించిన క్రొత్త రచనకు ముత్యాల సరములని పేరుంచిరి.

ఇక నేర్చుకొనుట యెట్లో చూతము. మొదట ముత్యములను ముట్టుకొనరాదు. గాజుపూసలు కొన్ని, లావుపాటి నూలుదారము కొంత తీసికొనవలెను. అంబాజీపేట బాలురకు సన్నని పురికొసయు, పెద్ద బెజ్జముల కొయ్యపూసలును ఇంకను మేలు. ముడి పెద్దదిగా కనబడును గనుక తప్పు ఎచ్చట జరిగినదో కంటికి తెలియును. చేయి కుదిరిన తరువాత చిన్నపూసలకు, సన్నదారమునకు రావచ్చును.

కావలసిన వస్తువులు కొద్ది. ఒక తెల్లని మెత్తనిగుడ్డ పరచుకొనవలెను. దానిపై ముత్యములు దొర్లవు, మచ్చలు బాగుగా కనబడును. సన్నని సూది, పట్టుదారము, కొసయందు నునుపైన చిన్న దబ్బనము, చిన్న కత్తెర యుండిన చాలును. దారమును ఎన్నుకొనుటలోనే సగము పని యున్నది. అది బెజ్జములో నిండుగా, కాని బలవంతము లేక, దూరవలెను. మరీ సన్నదైనచో ముడి చిన్నదై బెజ్జములోనికి జారిపోవును. అప్పుడు ముడి వేసియు వేయనట్లే. మరీ లావైనచో రెండవసారి సూదిని దూర్చ వీలుపడదు. సహజముత్యములను తూకమునకు అమ్ముటచే బరువు తగ్గకుండుటకై పూర్వులు వాటికి మిక్కిలి సన్నని బెజ్జములు వేసిరి. అట్టి పాతముత్యములకు దారము దొరకించుకొనుటయే యొక పరీక్ష.

పట్టుదారము సాగును. కావున గ్రుచ్చుటకు ముందే దానిని రెండుచేతులతో పట్టి, మెల్లగా కొన్నిసార్లు లాగి సాగనీయవలెను. అట్లు చేయనిచో హారము కట్టిన నెలనాళ్లకే వదులై, ముత్యముల నడుమ దారము కనబడును. నైలానుదారము నీటికి చెడదు, త్వరగా తెగదు. నేడు దానిని వాడువారును కలరు. అయినను పట్టుముడి పట్టుముడియే. అది మెత్తగా, గుండ్రముగా కూర్చుండును. నైలానుముడి విప్పుకొన జూచును.

ముత్యములను గుడ్డపై వరుసగా పేర్చి, పెద్దది నడుమ వచ్చునట్లును, వన్నెలు ఒకదానిలో నొకటి కలిసిపోవునట్లును అమర్చుకొనవలెను. దారమును సూదిలో రెండుపేటలుగా ఎక్కింతురు. హారము నిడివికి నాలుగైదు రెట్లు దారము తీసికొనుట క్షేమము. ఒక ముత్యమును గ్రుచ్చి కొసవరకు జార్చి, దానికి ఇవతల దారముతో వదులుగా ఒక మెలిక వేసి, సూదిని ఆ మెలికలోనుండి పోనిచ్చినచో సాదాముడి సిద్ధమగును. దానిని వెంటనే బిగించితిమా, ముత్యమునకు దూరముగా నడుమనే నిలిచిపోవును. నేర్చుకొనువారందరును మొదట చేయు తప్పు ఇదియే. బిగించుటకు మునుపు దబ్బనపు కొసను మెలికలో దూర్చవలెను. దబ్బనముతో మెలికను మెల్లమెల్లగా ముత్యముకడకు నడిపించుచు, రెండవచేతితో దారమును కొంచెముకొంచెముగా లాగవలెను. దబ్బనము లోపల నున్నంతవరకు ముడి బిగియదు, జరుగుచునే యుండును. మెలిక ముత్యపు బెజ్జమును తాకిన క్షణమున దబ్బనమును వెనుకకు తీసి, బొటనవ్రేలి గోటితో ముడిని ముత్యమువైపు అదుమవలెను. పిదప రెండుపేటల దారమును చెరియొక చేతితో పట్టి ఇరువైపులకు విడదీసి లాగినచో ముడి ఇంకొక వెండ్రుకవాసి ముందుకు జరిగి, బెజ్జముమీద చక్కగా కూర్చుండును.

చెప్పుటకు ఇది నాలుగు మాటలు. చేతికి పట్టుబడుటకు మాత్రము కొన్నిదినములు పట్టును. దబ్బనమును తీయవలసిన క్షణము ఏదో పుస్తకము చెప్పలేదు, వ్రేళ్లకే తెలియవలెను. ముందు తీసినచో సందు మిగులును. ఆలస్యముగా తీసినచో దారపుపోగులు రేగును. బిగిసిపోయిన పట్టుముడిని విప్పబూనుట దండుగ. ఎంత ఓర్పుతో విప్పినను దారము నలిగి బలము తప్పును. తప్పు మొదటి ముడులలోనే జరిగినచో కత్తిరించి క్రొత్తదారముతో ఆరంభించుట మంచిది. నలువదవ ముడిలో జరిగినచో? అప్పుడును అదియే మార్గము. పనివానికిని పనివాడు కానివానికిని భేదము ఇచ్చటనే బయటపడును.

బిగువు అన్నిచోటుల నొక్కటిగా నుండవలెను. మరీ బిగించిన హారము మెడలో ఒదుగక, కర్రవలె నిలిచి, మెలికలు తిరుగును. వదులైన దానిలో ముత్యము దారముపై ముందు వెనుకలకు ఆడుచు, బెజ్జపు అంచులతో దారమునే కోయును. పూర్తియైన హారమును ఒక కొసపట్టి వ్రేలాడదీసినపుడు గొలుసువలె నిటారుగా దిగినచో పని కుదిరినట్లు.

నేర్చువారు మరచు సంగతి యొకటి కలదు. అది లెక్కకు సంబంధించినది. ఏడు మిల్లీమీటర్ల ముత్యములు అరువది గ్రుచ్చినచో నిడివి నలుబదిరెండు సెంటీమీటర్లు వచ్చునని మీరు చెప్పుదురు. కాని వాటి నడుమ ఏబదితొమ్మిది ముడులున్నవి. ముడికి ఒక మిల్లీమీటరు చొప్పున చూచినను హారము రమారమి ఆరు సెంటీమీటర్లు పెరుగును. మెడకు అంటి యుండవలసిన పేట రొమ్ముమీదికి దిగును. ముందుగా లెక్క చూచుకొనినవాడే ఏడెనిమిది ముత్యములు తగ్గించి గ్రుచ్చును.

కొలికికడ పని మరింత జాగ్రత్తతో చేయవలెను, దారము ఎక్కువగా తెగునది అచ్చటనే గనుక. లోహపు కొక్కెము దారమును కోయకుండుటకై, వెండ్రుకవంటి తీగను చుట్టగా చుట్టిచేసిన మెత్తని గొట్టములోనుండి దారమును పోనిచ్చి, కొక్కెపు కడియము చుట్టును త్రిప్పి, కొసనున్న రెండు మూడు ముత్యములలోనికి మరల వెనుకకు గ్రుచ్చి, వాటి నడుమ ముడులు వేసి, మిగిలిన దారమును కత్తిరింతురు. దారము రెండవసారి పోవలసిన ఈ ముత్యముల బెజ్జములు కొంచెము పెద్దవై యుండవలెను.

అన్ని హారములకును ఈ ముడి తగదు. ఆవగింజలంతటి చిరుముత్యములకు నడుమ నడుమ ముడి వేసినచో ముత్యములకంటె ముడులే ఎక్కువగా కనబడును. వాటిని ముడి లేకయే గ్రుచ్చి, పేటలు పేటలుగా కలుపుదురు. మన పాతహారములు కొన్నిటిలో ముడికి మారుగా ముత్యముల నడుమ చిన్న బంగారుగుండ్లో, కెంపులో, పచ్చలో గ్రుచ్చెడివారు. చూపులకు అందమే గాని, దారము తెగినప్పుడు అవి ఆపవు.

ఒక్క దారము ఎంతటి విలువను మోయగలదో తెలుపు వృత్తాంతము పాశ్చాత్యదేశమున నున్నది. 1917వ సంవత్సరమున న్యూయార్కులోని ఐదవ వీథియందు ఒక ధనికుని భవనమును పియర్ కార్టియే అను నగల వర్తకుడు కొన్నాడు. దానికై అతడిచ్చినది నూరు డాలర్లును, 128 సహజముత్యములు గల రెండుపేటల హారమును. ఆనాడు ఆ హారమునకు పదిలక్షల డాలర్ల వెల కట్టిరి. ఇంతలో జపానులో మికిమోటో కోకిచి యనువాడు 1893లో ఆల్చిప్పలచేత అర్ధముత్యమును పెంచి చూపిన విద్య గుండ్రని ముత్యములవరకు పెరిగి, పెంపుడుముత్యములు లోకమంతట వ్యాపించెను. మన దేశమున గూడ 1973లో తూత్తుకుడిలో శాస్త్రజ్ఞులు ముత్యమును పెంచగలిగిరి. సహజముత్యముల వెల పడిపోయెను. ఆ న్యూయార్కు హారము 1957లో లక్షా ఏబదియొక వేల డాలర్లకు అమ్ముడు పోయినది. వెల హెచ్చినను తగ్గినను దారము చేయు పని మాత్రము మారలేదు.

హారమును వాడువారికిని కొన్ని సంగతులు తెలియవలెను. చింతపండుతో రాగిచెంబును తోమినట్లు ముత్యములను తోమరాదు. పులుపు సున్నమును తినివేయును. అత్తరు, చెమట కూడ మంచివి కావు. అలంకరణమంతయు ముగిసిన పిదపనే హారమును ధరించి, ఇంటికి రాగానే మొట్టమొదట దానినే తీసి, మెత్తనిగుడ్డతో తుడిచి పెట్టవలెను. బంగారునగలతో కలిపి యుంచినచో గీతలు పడును. చిలుకకొయ్యకు వ్రేలాడదీసినచో దారము సాగును. తరచుగా ధరించు హారమును ఏడాదికో, రెండేండ్లకో విప్పించి క్రొత్తదారముతో గ్రుచ్చించుట ఆచారము. ముడులకడ దారము నల్లబడుట, ముత్యము ముడులనడుమ ఆడుట కనబడినచో ఇక ఆగరాదు.

పాతహారమును విప్పు పద్ధతి కూడ నేర్వవలసినదే. సొంతదారు నెదుట కూర్చుండబెట్టి, తెల్లగుడ్డ పరచి, ముత్యములను మొదట లెక్కించి ఆ సంఖ్యను కాగితముపై వ్రాయుదురు. తరువాత ఒక కొసనుండి ఒక్కొక్క ముడికడ కత్తిరించుచు, ముత్యమును తీసి, మునుపున్న వరుస తప్పకుండ గుడ్డ మడతలో పేర్చుదురు. పాతదారపు తునకలు బెజ్జములలో మిగిలినచో సన్నని సూదితో త్రోసివేయుదురు. అన్నియు వచ్చిన పిదప సొంతదారుచేతనే మరల లెక్కింపజేయుదురు. రెండు లెక్కలును సరిపోయిన తరువాతనే క్రొత్తదారమును సూదికి ఎక్కింతురు.